విమానాశ్రయం పక్కన స్వీడన్ వాళ్ల లంక

విమానం కిందికి దిగేటప్పుడు మనలో ఎంతమంది కిటికీలోంచి బయటికి చూసి ఉంటాం? చూపు కిటికీ వైపే ఉన్నా, మనసు మాత్రం బయట బోర్డు పట్టుకుని కంపెనీ మనిషి నిలబడి ఉంటాడా లేడా అన్న దాని మీదే ఉంటుంది. గల్ఫ్‌లో తొమ్మిదేళ్లు షట్టరింగ్ కార్పెంటర్‌గా చేసిన నేను అన్నిసార్లు విమానం ఎక్కినా, దిగినా ఒక్కసారి కూడా నేలను తృప్తిగా చూడలేదు.

మొన్న అమెరికాలో చూశాను. మా అన్న కొడుకు ఫిలడెల్ఫియా దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. వాడే టికెట్ పంపి పిలిపించాడు. విమానం డెలావేర్ నది మీదుగా దిగుతుంటే కింద పెద్ద చిత్తడి నేల కనిపించింది. వంకలు తిరిగిన కాలువలు, పచ్చటి గడ్డి, నది మధ్యలో సన్నగా పొడుగ్గా ఒక లంక. ఒక్క క్షణం కోనసీమ మీద దిగుతున్నామా అనిపించింది. రన్‌వే ఆ చిత్తడిని ఆనుకునే ఉంది.

రెండు రోజులు పోయాక వాడు అడిగాడు. "కాకా, ఏం చూస్తవ్? నయాగరా పోదామా, న్యూయార్క్ పోదామా?"

"విమానం దిగినప్పుడు కింద కనిపించింది చూడు, ఆ నీళ్లల్ల గడ్డి, ఆ లంక. అది చూపెట్టు" అన్నాను.

వాడు నవ్వాడు. అక్కడ ఏముంటుంది అన్నాడు. ఏడేళ్ల నుంచి ఆ ఊళ్లో ఉంటున్నా వాడూ ఎప్పుడూ పోలేదట. ఇద్దరం కలిసి తెలుసుకున్నాం. ఆ చోటు పేరు టినికం. పెన్సిల్వేనియా రాష్ట్రంలో యూరప్ వాళ్లు మొదట స్థిరపడిన చోటు అదే. ఆ వచ్చినవాళ్లు ఇంగ్లీషువాళ్లు కాదు, స్వీడన్ వాళ్లు. వాళ్లలో ఎక్కువమంది మనలాగే కంపెనీ కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు. అందుకే ఈ కథ మన పేపర్‌లో రాయాలనిపించింది.

మూడేళ్ల కాంట్రాక్టు, పదేళ్ల కొలువు

స్వీడన్ ఇప్పుడు ధనిక దేశం. నాలుగు వందల ఏళ్ల కింద మాత్రం చలి దేశం, యుద్ధాల దేశం. హాలెండ్, ఇంగ్లండ్ వాళ్లు అమెరికాలో వ్యాపారం చేసి బాగుపడుతుంటే చూసి, స్వీడన్ వాళ్లు కూడా ఒక కంపెనీ పెట్టారు. 1638లో కల్మార్ నికెల్, ఫోగెల్ గ్రిప్ అనే రెండు ఓడలు వచ్చి, ఇప్పటి విల్మింగ్టన్ నగరం ఉన్నచోట లంగరు వేశాయి. అక్కడ కోట కట్టి, తమ చిన్నారి రాణి పేరు మీద ఫోర్ట్ క్రిస్టినా అన్నారు. ఆ వలసకు న్యూ స్వీడన్ అని పేరు.

1643లో యోహాన్ ప్రిన్ట్జ్ గవర్నర్‌గా వచ్చాడు. సైన్యంలో పనిచేసినవాడు. జర్మనీలో ఒక పట్టణాన్ని శత్రువుకు అప్పగించాడని కొలువు పోగొట్టుకున్నాడు. తర్వాత దొరికిన ఉద్యోగం ఇది. మనిషి భారీ. నాలుగు వందల పౌన్ల పైన, అంటే 180 కిలోలకు పైగా ఉంటాడని అతన్ని చూసిన డచ్ నావికుడు ఒకడు రాశాడు. అక్కడి మూలవాసులైన లెనాపె ప్రజలు అతన్ని 'పెద్ద పొట్ట' అని పిలిచేవారట.

ప్రిన్ట్జ్ తన రాజధానిని టినికం లంకకు మార్చాడు. దుంగలతో కోట, దుంగలతోనే రెండంతస్తుల ఇల్లు. ఆ ఇంటికి ప్రిన్ట్జ్‌హాఫ్ అని పేరు. 1645లో కాలిపోతే మళ్లీ కట్టుకున్నాడు. 1646లో లంక మీద చర్చి కూడా వచ్చింది. అక్కడి పాస్టర్ కంపానియస్ లెనాపె భాష నేర్చుకుని, తమ మత బోధనల చిన్న పుస్తకాన్ని ఆ భాషలోకి అనువదించాడు. అది 1696లో స్టాక్‌హోంలో అచ్చయింది. ఆయనే రోజూ ఎండ, వాన, చలి, గాలి చూసి రాసిపెట్టాడు. అమెరికాలో వాతావరణాన్ని క్రమం తప్పకుండా నమోదు చేసిన తొలి మనుషుల్లో ఆయన ఒకడు.

ఇక్కడ మనకు తెలిసిన సంగతి ఒకటి వస్తుంది. ప్రిన్ట్జ్ కాంట్రాక్టు మూడేళ్లే. ఉన్నది పదేళ్లు. నన్ను వెనక్కి పిలవండి, నా బదులు ఇంకొకర్ని పంపండి అని స్వీడన్‌కు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. బదులు మనిషి రాలేదు. గవర్నర్‌కే దిక్కు లేకపోతే కూలివాళ్ల సంగతి చెప్పాలా?

పోడు చేశారని ఓడెక్కించారు

ఎవరు ఆ కూలివాళ్లు? కొందరు జీతానికి వచ్చిన సైనికులు, వడ్రంగులు, కమ్మరులు. కొందరు శిక్ష కింద వచ్చినవాళ్లు. సైన్యం నుంచి పారిపోయి దొరికినవాళ్లను ఓడెక్కించారు. ఇంకొందరు ఫిన్లాండ్ నుంచి స్వీడన్ అడవుల్లోకి వలస వచ్చిన ఫిన్నులు. వాళ్లది పోడు వ్యవసాయం. చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో గింజలు చల్లడం. మన ఏజెన్సీలో గిరిజనులు తరతరాలుగా చేసినట్టే. అడవి పాడవుతోందని ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. దొరికినవాళ్లలో కొందరిని అమెరికా పంపింది.

విచిత్రం ఏమిటంటే, స్వీడన్‌లో నేరమైన ఆ పనే ఇక్కడ బతుకు నేర్పింది. అడవి నరకడం, దుంగల మీద దుంగలు పేర్చి మేకు లేకుండా ఇల్లు కట్టడం వాళ్లకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాలేదు. అమెరికా అనగానే బొమ్మల్లో కనిపించే దుంగల ఇల్లు ఈ స్వీడన్, ఫిన్లాండ్ మనుషులు తెచ్చిందేనని చరిత్రకారులు చెబుతారు. షట్టరింగ్ పని చేసినవాణ్ని కాబట్టి ఆ మూల కలుపు గురించి విన్నప్పుడు నాకు ముచ్చటేసింది. లంకకు దగ్గర్లో ప్రాస్పెక్ట్ పార్క్ అనే ఊళ్లో, డార్బీ వాగు ఒడ్డున మోర్టన్ హోంస్టెడ్ అనే పాత దుంగల ఇల్లు ఉంది. ఆ కుటుంబానికి మూలపురుషుడు 1654లో వచ్చిన ఒక ఫిన్ను. ఆయన వంశంలో పుట్టిన జాన్ మోర్టన్ 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు.

వీళ్లందరి కంటే బరువు మోసినవాడు ఇంకొకడు ఉన్నాడు. పేరు ఆంటొనీ. ఆఫ్రికా సంతతి మనిషి. 1639లో ఫోగెల్ గ్రిప్ ఓడ వెస్టిండీస్ వైపు నుంచి తెచ్చింది. 1644 నాటి లెక్కల్లో అతని పని రాసి ఉంది: టినికంలో పశువులకు గడ్డి కోయడం, గవర్నర్ పడవలో వెంట వెళ్లడం. 1654 నాటి ఖాతాలో అతని పేరు మీద సొంత కొనుగోళ్లు కనిపిస్తాయి. అంటే అప్పటికి స్వేచ్ఛ దొరికి ఉంటుందని అంచనా. ఒక మనిషి బతుకంతా ఖాతా పుస్తకంలో రెండు మూడు పంక్తులు.

ఇరవై ఇద్దరి సంతకాలు

1648 తర్వాత స్వీడన్ నుంచి ఓడ రాలేదు. 1649లో మనుషులతో, సామానుతో బయలుదేరిన కట్టన్ అనే ఓడ ప్యూర్టోరికో దగ్గర రాళ్లకు తగిలి పగిలిపోయింది. ఆరేళ్లు అలా గడిచాయి. బట్ట లేదు, ఇనుప సామాను లేదు, ఇంటి నుంచి కబురు లేదు. లెనాపె ప్రజల దగ్గర మొక్కజొన్న కొనుక్కుని తిన్నారు. వాళ్లకు ఇవ్వడానికి కూడా చేతిలో సరుకు లేదు.

గవర్నర్ మాత్రం బిగించాడు. జనం తన అనుమతి లేకుండా లెనాపె వాళ్లతో వ్యాపారం చేయకూడదు. మరలో పిండి విసురుకోవాలన్నా, చేపలు పట్టాలన్నా, కట్టెలు కొట్టాలన్నా అడ్డంకులే. 1653లో 22 మంది కలిసి ఒక అర్జీ రాసి సంతకాలు పెట్టారు. మా ప్రాణానికి, ఆస్తికి భద్రత లేదన్నారు. మా దేశం మమ్మల్ని పూర్తిగా మరిచిపోయిందా, తెలుసుకోవడానికి ఇద్దర్ని స్వీడన్ పోనివ్వండి అన్నారు.

ప్రిన్ట్జ్ దాన్ని తిరుగుబాటు అన్నాడు. నాయకుడని అనుకున్న ఆండర్స్ యోన్సన్ అనే మనిషికి మరణశిక్ష వేసి చంపించాడు. ఆ శరదృతువులోనే తానూ పెట్టే సర్దుకుని, బదులు మనిషి వచ్చేదాకా ఆగకుండా వెళ్లిపోయాడు.

1654 మేలో కొత్త అధికారి యోహాన్ రైసింగ్ ఓడ దిగి, జనం చెప్పిన ఫిర్యాదులు విన్నాడు. కానీ ఆ దొరతనం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1655 సెప్టెంబర్‌లో న్యూయార్క్ వైపు నుంచి డచ్ గవర్నర్ స్టైవెసంట్ సైన్యంతో వచ్చి న్యూ స్వీడన్‌ను కలిపేసుకున్నాడు. జెండా మారింది, జనం మారలేదు. వాళ్ల భూములు, చర్చి వాళ్లకే ఉన్నాయి. తర్వాత ఇంగ్లీషువాళ్లు వచ్చారు. 1681లో విలియం పెన్‌కు ఈ నేల దక్కేనాటికి స్వీడన్ వాళ్ల మూడో తరం పొలాలు దున్నుకుంటోంది.

ప్రిన్ట్జ్ వెళ్లినా అతని కూతురు ఆర్మెగోట్ వెళ్లలేదు. లంకను ఒక డచ్చి మనిషికి అమ్మింది. సొమ్ము పూర్తిగా రాలేదు. ఆడమనిషి ఏం చేస్తుందిలే అనుకున్నారేమో, 1670ల్లో కోర్టుకెక్కి గెలిచింది.

ఆ పార్కులో నిలబడి

ఇదంతా జరిగిన చోటు ఇప్పుడు ఎసింగ్టన్ అనే ఊళ్లో ఏడెకరాల చిన్న పార్కు. గవర్నర్ ప్రిన్ట్జ్ పార్కు అంటారు. 1937లో తవ్వి చూస్తే ప్రిన్ట్జ్‌హాఫ్ రాతి పునాదులు బయటపడ్డాయి. అవి ఇప్పటికీ గడ్డి మధ్య కనిపిస్తాయి. ప్రిన్ట్జ్ విగ్రహం కూడా పెట్టారు. మేం వెళ్లిన రోజు ఒక ముసలాయన గాలం వేసుకుని కూర్చున్నాడు, ఒక కుటుంబం దుప్పటి పరుచుకుని తింటోంది. వాళ్లు తప్ప మేమే.

పునాది పక్కన కూర్చుంటే నాకు మా క్యాంపు గుర్తొచ్చింది. ఒక ఏడు మాకు నాలుగు నెలలు జీతం ఆగింది. గదికి పది మందిమి. అప్పు చేసి ఖబూస్, పప్పు తిన్నాం. ఒక శుక్రవారం మా రూమ్‌లోనే కాగితం రాశారు. 31 మంది సంతకాలు చేశారు. నేను చేయలేదు. బిడ్డ పెళ్లి కుదిరి ఉంది, పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉంది, నాకు భయమేసింది. నా కింది మంచం ఆయన మొదటి సంతకం పెట్టాడు. మా పక్క మండలం వాడే. పది రోజులకు ఆయన చేతిలో టికెట్ పెట్టి ఇంటికి పంపించారు. మరుసటి నెల మా అందరికీ జీతాలు పడ్డాయి. నేనూ తీసుకున్నాను.

మా వాడికి ఎప్పుడూ చెప్పలేదు ఈ సంగతి. ఆ రోజు చెప్పాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "ఆయన ఇప్పుడు యాడున్నడు కాకా?"

"ఊళ్లనే. వరి ఏస్తుండు."

"ఫోన్ చేసినవా ఎప్పుడన్న?"

చేయలేదు.

గంగ ఇంటిపేరు

పార్కు నుంచి నది ఒడ్డునే కొంచెం దూరంలో ఎర్ర ఇటుకల పెద్ద భవనం ఉంది. పేరు లాజరెట్టో. ఇది మనందరికీ తెలిసిన జాగానే, పేరు వేరు. ఇది ఆ కాలపు 'మెడికల్'.

1793లో ఫిలడెల్ఫియాలో పచ్చజ్వరం వచ్చి సుమారు అయిదు వేల మంది చనిపోయారు. ఊరి జనాభాలో పదింట ఒక వంతు. ఓడల్లో రోగం వస్తోందని భయపడి, 1799లో ఊరికి దూరంగా టినికంలో ఈ క్వారంటైన్ ఆస్పత్రి మొదలుపెట్టారు. ఎండాకాలంలో వచ్చే ప్రతి ఓడా ఇక్కడ ఆగాలి. డాక్టర్ ఎక్కి చూస్తాడు. బాగున్నవాళ్లు ముందుకు, లేనివాళ్లు ఆస్పత్రికి. 1895 దాకా నడిచింది. జర్మనీ, ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది ఇక్కడి మెట్ల మీద కూర్చుని, నగరం ఎప్పుడు చూస్తామా అని ఎదురుచూశారో. 'అన్‌ఫిట్' అన్న మాటకు వణికిన మనకు ఆ ఎదురుచూపు కొత్త కాదు. అమెరికాలో మిగిలిన క్వారంటైన్ ఆస్పత్రుల్లో ఇదే పాతది. ఈ మధ్యే బాగుచేసి, టినికం టౌన్‌షిప్ కార్యాలయాన్ని అందులోకి మార్చారు.

లాజరెట్టో చరిత్రలో ఒక సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. అమెరికా నౌకాదళానికి గంజెస్ అనే ఓడ ఉండేది. గంజెస్ అంటే మన గంగ. తూర్పు దేశాలతో వ్యాపారం కోసం కట్టిన ఓడ కాబట్టి ఆ పేరు పెట్టారు. 1800లో ఆ ఓడ బానిసలను తరలిస్తున్న రెండు ఓడలను పట్టుకుంది. వాటిలో ఉన్న 130 మందికి పైగా ఆఫ్రికావాళ్లను ఫిలడెల్ఫియా లాజరెట్టో దగ్గర దించారు. ఒంటి మీద బట్ట లేనివాళ్లకు బట్టలిచ్చారు, డేరాలు వేశారు. వాళ్లు బానిసలు కారని కోర్టు చెప్పింది. అయినా చేతిలో ఏమీ లేదు కదా. కొన్నేళ్లు కట్టుబడి పనిచేసే ఒప్పందం మీద చుట్టుపక్కల ఇళ్లకు, పొలాలకు పంపారు. పేర్లు రాసేటప్పుడు అందరికీ ఒకటే ఇంటిపేరు రాశారు: గంజెస్. ఎప్పుడూ చూడని దేశంలోని, ఎప్పుడూ వినని నది పేరు వాళ్ల ఇంటిపేరు అయింది. వాళ్ల వారసులు ఈనాటికీ ఉన్నారు.

ఓడలు కట్టిన చోట విమానాలు

విమానాశ్రయం ఉన్న వైపు నేలను హాగ్ ఐలాండ్ అనేవారు. అంటే పందుల లంక. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు 1917లో ఇక్కడ ఓడల కర్మాగారం మొదలైంది. బురద నేలను పూడ్చి, ఒకేసారి 50 ఓడలు కట్టే వరుసలు వేశారు. ఆ రోజుల్లో ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదు. 30 వేల మందికి పైగా పనిచేశారు. రోజూ రైళ్లలో వచ్చేవాళ్లు కొందరు, అక్కడే కట్టిన బారకాసుల్లో ఉండేవాళ్లు కొందరు. ఒక్క మాటలో చెప్పాలంటే లేబర్ క్యాంపు.

మొదటి ఓడ 1918 ఆగస్టు 5న నీళ్లలోకి దిగింది. అధ్యక్షుడు విల్సన్ భార్య వచ్చి ప్రారంభించింది. మొత్తం 122 ఓడలు కట్టారు. అయితే నవంబర్‌లో యుద్ధం ఆగిపోయింది. ఆ ఓడలేవీ ఆ యుద్ధానికి అందలేదు. చాలా ఓడలు రెండో ప్రపంచ యుద్ధంలో పనికొచ్చాయి. 1921లో యార్డు మూసేశారు. 1930లో ఆ నేలను నగరం కొన్నది. 1940లో విమానాశ్రయం తెరిచారు. ఫిలడెల్ఫియాలో పొడుగు రొట్టె మధ్య కూర, మాంసం పెట్టి తినేదాన్ని హోగీ అంటారు. హాగ్ ఐలాండ్ కూలీల టిఫిన్ కాబట్టి ఆ పేరొచ్చిందని ఒక కథ. నిజమో కాదో గానీ, మేం మాత్రం రెండు హోగీలు కట్టించుకునే వెళ్లాం.

చిత్తడిలో ఒక పూట

ఇక ప్రకృతి. ఆ విమానాశ్రయానికి ఆనుకునే జాన్ హైన్జ్ జాతీయ వన్యప్రాణి కేంద్రం ఉంది. దాదాపు వెయ్యి ఎకరాలు. టికెట్ లేదు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా నడవొచ్చు. టమాటా కెచప్ సీసా మీద చూసే హైన్జ్ పేరే ఇది. ఆ కుటుంబంలోని సెనేటర్ జాన్ హైన్జ్ ఈ చిత్తడిని కాపాడటానికి పనిచేశాడు. 1991లో విమాన ప్రమాదంలో చనిపోయాక కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఇది మంచినీటి చిత్తడే గానీ సముద్రపు పోటు, పాటు ఇక్కడిదాకా తెలుస్తాయి. రోజుకు రెండుసార్లు నీళ్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. దిగినప్పుడు బురద మీద కొంగలు బారులు తీరుతాయి. నీళ్లల్లో అడవి వరి పెరుగుతుంది. మా వాడు చూపిస్తే గుర్తుపట్టలేకపోయాను. మనిషి ఎత్తు దాటి ఉంది. ఎవరూ నాటని వరి, పిట్టలే కోసుకునే వరి. ఇక్కడ 300 రకాలకు పైగా పక్షులను చూశారట. మాకు కొంగలు, బాతులు, తాబేళ్లు, చేపను కాళ్లతో పట్టుకుపోయే గద్ద కనిపించాయి. అమెరికా వాళ్ల నోట్ల మీద ఉండే తెల్లతల గద్ద కూడా ఇక్కడ గూడు కడుతుంది.

స్వీడన్ వాళ్లు వచ్చేనాటికి ఈ చిత్తడి 5,700 ఎకరాలు. పశువుల మేతకు కట్టలు వేసి ఎండగట్టడం వాళ్లే మొదలుపెట్టారు. తర్వాత డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్యాక్టరీలు, చెత్త దిబ్బలు, విమానాశ్రయం. మిగిలింది 200 ఎకరాలు. 1969లో దాని మీదుగా హైవే వేయాలని చూస్తే జనం అడ్డం పడ్డారు. 1972లో అమెరికా పార్లమెంటు చట్టం చేసి దీన్ని కొనిపించింది. మన కొల్లేరు గుర్తొచ్చింది. 1999లో అభయారణ్యం అన్నాం, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చాం, గొడవ ఈనాటికీ తెగలేదు. గట్టు వేయడం ఒక్క ఎండాకాలం పని. పోయిన నీటిని తిరిగి తెచ్చుకోవడం తరాల పని.

బీచ్ కావాలంటే? నదికి అడ్డంగా ఎదురుగా కనిపించేది లిటిల్ టినికం. సన్నటి పొడుగు లంక. ఇల్లు లేదు, వంతెన లేదు. రాష్ట్ర అటవీ శాఖది. పడవ ఉన్నవాళ్లే పోగలరు. పాటు వేళ దాని చుట్టూ ఇసుక బయటపడుతుంది. మాకు పడవ లేదు కాబట్టి ఈ ఒడ్డున ఉన్న ఇసుకలోనే చెప్పులు విప్పి నిలబడ్డాం. నది చల్లగా ఉంది. ఈ నదిలోకి వసంతకాలంలో షాడ్ అనే చేప సముద్రం నుంచి ఎదురెక్కి గుడ్లు పెట్టడానికి వస్తుంది. మన గోదావరి పులసకు ఇది దాయాది. ముళ్లు ఎక్కువ, రుచి ఎక్కువ. ఒకప్పుడు ఫిలడెల్ఫియా జనం ఆదివారాలు ఈ చేప తినడానికే ఇటు వచ్చేవాళ్లట.

మీరు వెళ్లాలంటే

గల్ఫ్ నుంచి అమెరికా మీదుగా ఇంకో దేశం పోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అమెరికాలో విమానం మారడానికి కూడా మనకు వీసా కావాలి. బంధువులను చూడటానికి వచ్చేవాళ్లు, ఓడల్లో పనిచేస్తూ ఫిలడెల్ఫియా రేవుకు వచ్చి ఒడ్డుకు దిగే అనుమతి ఉన్నవాళ్లు తేలిగ్గా వెళ్లొచ్చు. నగరం నుంచి విమానాశ్రయానికి పోయే లోకల్ రైలు ఎక్కి ఈస్ట్‌విక్ స్టేషన్‌లో దిగితే వన్యప్రాణి కేంద్రం మైలు దూరం. లిండ్‌బర్గ్ బులెవార్డ్ మీద 8601 నంబరు. అట్లాంటిక్‌ను ఒంటరిగా విమానంలో దాటిన లిండ్‌బర్గ్ తాత కూడా స్వీడన్ నుంచి వచ్చినవాడే. ప్రిన్ట్జ్ పార్కుకు, లాజరెట్టోకు మాత్రం కారు ఉంటే సుఖం. ఏప్రిల్, మే నెలల్లో పక్షులు ఎక్కువ. ఎండాకాలం దోమలు ఎక్కువ. నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి.

ఇంకా టైముంటే నగరంలో 1700 నాటి గ్లోరియా డై అనే స్వీడన్ వాళ్ల చర్చి, 1926లో పెట్టిన స్వీడిష్ మ్యూజియం చూడొచ్చు. తానా మహాసభలు 2001లో, 2023లో ఈ నగరంలోనే జరిగాయి. వేల మంది తెలుగువాళ్లు ఈ విమానాశ్రయంలో దిగి, ఈ చిత్తడి పక్క నుంచే వెళ్లి ఉంటారు.

సాయంత్రం మళ్లీ ప్రిన్ట్జ్ పార్కుకే వచ్చాం. పొద్దు గూకుతోంది. రెండు మూడు నిమిషాలకో విమానం తలమీదుగా దిగుతోంది. ఆ కిటికీల్లో ఎవరెవరు ఏం ఆలోచిస్తూ కూర్చున్నారో.

22 మందిలో ఆండర్స్ యోన్సన్ పేరు చరిత్రలో మిగిలింది. అతన్ని చంపించిన మనిషికి విగ్రహం ఉంది. ఆ సంతకాలు వృథా అయ్యాయా అంటే, కాలేదనే నాకనిపించింది. ఆ కాగితం లేకపోతే ఆ కూలివాళ్లు ఎలా బతికారో, ఏం అడిగారో మనకు తెలిసేది కాదు. అందరూ గవర్నర్ రాసిన ఉత్తరాలే చదివేవాళ్లం.

ఇంటికొచ్చాక ఇండియాలో తెల్లారేదాకా ఆగి ఫోన్ చేశాను. నంబరు మారలేదు. కింది మంచం ఆయన గొంతు గుర్తుపట్టాడు. "ఏందే, ఇన్నేండ్లకు?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక వాళ్ల పొలం అడిగాను, పిల్లల్ని అడిగాను. చివరికి చెప్పాను. ఆ నెల జీతం నీ సంతకంతోనే వచ్చిందని, నేను పెట్టలేదని.

"నాకు తెలుసు గదనే" అన్నాడు. "బిడ్డ పెండ్లి మంచిగైందా?"